హమాలి పసుపు గ్లౌజు

మా మేనత్తతో సినిమాకి వెళ్ళడం నా చిన్నప్పుడు ఒక శిక్ష. హీరోయిన్ చెవిపోగు ఒక షాట్‌లో ఉండి మరు షాట్‌లో లేకపోతే ఆవిడకి కథ అక్కడితో సరి. "చూశావా, పోగు లేదు" అని వరసంతా వినపడేలా చెప్పేది. ముందు సీటాయన వెనక్కి తిరిగి "ష్" అంటే, "లేనిదాన్ని లేదంటే మీకేం పోయిందండీ?" అని నిలదీసేది. నేను సిగ్గుతో సీట్లోకి కూరుకుపోయేదాన్ని.

అంత మనిషీ ఒక్క చోట మాత్రం మెత్తబడిపోతుందని నాకు పన్నెండో ఏట తెలిసింది. ఏదో పోలీసు సినిమా, మ్యాట్నీ. హీరో పదిమందిని చితక్కొట్టి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. కుడి చేతి గ్లౌజు తీసి ఎడమ చేతికి తొడుక్కున్నాడు. నేరుగా మా వైపు చూసి, భుజాలు ఎగరేసి వెళ్ళిపోయాడు. కథకీ దానికీ ఏ సంబంధమూ లేదు గానీ హాలంతా ఈలలు. మా అత్తయ్య ఈల వెయ్యలేదు, వంక పెట్టలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని, "ఎక్కడున్నావో, చల్లగా ఉండు తల్లీ" అంది. ఆ హీరోకి గుబురు మీసాలున్నాయి. వాణ్ణి పట్టుకుని తల్లీ అంటుందేమిటని బిక్కమొహం వేసుకుని చూశాను.

ఆ చేష్ట ఎక్కడిదో మాత్రం నాకూ తెలుసు, హాల్లో అందరికీ తెలుసు. 'పోగొట్టుకున్న పెట్టెలు' అనే పాత కార్టూన్ సీరియల్‌లోది. గ్రహాల మధ్య తిరిగే ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లన్నీ పోగేసుకుని, ఎవరివి వాళ్ళకి అప్పజెబుతూ తిరిగే ఒక డొక్కు అంతరిక్ష నౌక కథ అది. కెప్టెన్ ఒక లావుపాటి ఆవిడ, పెట్టెల్ని పిల్లల్ని తిట్టినట్టు తిడుతుంది. ఆవిడ కింద పనిచేసే రోబో పేరు హమాలి, పని కూడా అదే. లోకంలో అందరి సామానూ వెతికిపెట్టే హమాలి తన గ్లౌజు ఒకటి తనే పోగొట్టుకున్నాడు. మిగిలిన పసుపు గ్లౌజు ఎడమ చేతికి తొడుక్కుని, రెండోదాని కోసం యాభై రెండు భాగాలూ వెతుకుతాడు. పదకొండో భాగంలో ఒక తలుపు ముందు ఆగి, కుడి చేతికున్న గ్లౌజు తీసి ఎడమ చేతికి తొడుక్కుని, మనల్ని చూసి భుజాలు ఎగరేస్తాడు. మూడే సెకన్లు. అది కుడి చేతికి ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పరు. జనం ఆ మూడు సెకన్లనీ నెత్తిన పెట్టుకున్నారు.

ఇక చూసుకోండి. సినిమాలవాళ్ళూ, ప్రకటనలవాళ్ళూ, ఆటలు తయారుచేసేవాళ్ళూ ఎవరికి తోచినట్టు వాళ్ళు హమాలికి సలాం కొట్టడం మొదలుపెట్టారు. ఆ సలాములన్నీ లెక్క తేల్చే పని నలభై ఏళ్ళ తర్వాత నా నెత్తిన పడింది. నేను ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో సరదా పేజీ చూస్తాను. "ఆ గ్లౌజు ఎక్కడెక్కడ కనపడిందో అన్నీ వెతికి ఒక పేజీ నింపు, జనం ఎగబడి చదువుతారు" అన్నాడు మా ఎడిటరు. నేను వెతకడం దేనికి? మా వరండాకి ఆ చివర మా అత్తయ్య ఉండగా.

ఆవిడ గురించి ఇక్కడే కాస్త చెప్పాలి. మా నాన్నకి అక్క, ఏడేళ్ళు పెద్ద. తండ్రి పోయిన ఏడాదే, పంతొమ్మిదో ఏట, ఆ సీరియల్ తీసిన కార్టూన్ స్టూడియోలో రంగులు వేసే పనికి చేరింది. తల్లినీ తమ్ముణ్ణీ ఆ జీతం మీదే నెట్టుకొచ్చింది. కంప్యూటర్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక, ఒక అచ్చాఫీసులో రంగులు సరిచూసే పనిలో ఇరవై ఏళ్ళకి పైగా ఉండి ఈమధ్యే దిగిపోయింది. పెళ్ళి మాటెత్తితే "తప్పుల్లేనివాణ్ణి చూపించండి, చేసుకుంటా" అనేదట. ఎవరు చూపిస్తారు?

ఆవిడుండేవి రెండు గదులు. కిటికీ దగ్గర బల్ల, దాని మీద మెడ వంచే దీపం, పక్కన భూతద్దం. మందు సీసా మీద చీటీ నుంచి మా ఇంటికొచ్చే కరెంటు బిల్లు దాకా అన్నీ ఆ దీపం కింద నిలబడాల్సిందే. నా పదో తరగతి ప్రోగ్రెస్ కార్డులో కూడిక తప్పుందని టీచరమ్మ దగ్గరికి వెళ్ళి నాకు రెండు మార్కులు తగ్గించి వచ్చింది. "నా చేతిలో తప్పు జరగదు" అన్నది ఆవిడ ఊతపదం. మా నాన్నకి అక్క అంటే ప్రాణం, ఆ మాటంటే మాత్రం హడలు. ఇంట్లో పాలు పొంగినా, చొక్కా గుండీ ఊడినా మేం ముందు వరండా చివరికి ఒక చూపు చూసేవాళ్ళం.

జాబితా అడగ్గానే ఆవిడ కాగితం కూడా తీసుకోకుండా ఏకరువు పెట్టింది. గిన్నెల సబ్బు ప్రకటనలో ఇల్లాలు. ఫైనల్లో గోలు ఆపి, కెమెరా వైపు తిరిగి గ్లౌజు మార్చుకున్న గోల్‌కీపరు. నిమిషం సేపు మీట నొక్కకపోతే తనంతట తనే గ్లౌజు మార్చుకుని మనకేసి గుడ్లప్పగించి చూసే వీడియో గేమ్ బొమ్మ. ఫైలుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్న మంత్రి, అది పత్రికలో కార్టూను. మూడో తరగతి లెక్కల పుస్తకం అంచున వేలెడంత హమాలి. కోట్లు పోసి తీసిన అంతరిక్ష యుద్ధం సినిమాలో, నౌకలన్నీ పేలిపోయాక, తెర కుడి మూల తేలుకుంటూ పోయే పసుపు గ్లౌజు. అలా ముప్పై ఒకటి చెప్పింది.

"దయ్యం సినిమాలో ఎడమ నుంచి కుడికి మార్చారు. అది తప్పు. తప్పని రాయి" అంది.

"రాస్తాలే గానీ, ఇవన్నీ ఎందుకు గుర్తుపెట్టుకున్నావు?"

"కనపడ్డప్పుడల్లా ఒక మనిషికి మంచి జరగాలని కోరుకుంటా. కోరుకున్నవి మర్చిపోతామా?"

నాకు సగం అర్థమై సగం కాలేదు. పేజీలో ఒక మూల పెట్టె కట్టి వేసేంత చోటు మిగిలింది, అందులో ఆ సీరియల్ దర్శకుడి సాక్సు కథ వేస్తానన్నాను. ఆ కథ అందరికీ తెలిసిందే. దర్శకుడు ఒక పొద్దున్న సాక్సు ఒక కాలికి బదులు ఇంకో కాలికి తొడుక్కుంటూ ఉంటే ఆ జోకు తట్టిందట. బతికున్నన్నాళ్ళూ ప్రతి ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాడు.

"సాక్సా?" అంది అత్తయ్య. "ఆయన మొహం! వానాకాలం ఎండాకాలం చెప్పులేసుకుని వచ్చేవాడు."

ఆ తర్వాత చాలాసేపు భూతద్దం తుడుస్తూ కూర్చుంది. చివరికి దీపం ఆర్పి, నలభై ఏళ్ళుగా ఇంట్లో ఎవరికీ చెప్పనిది చెప్పింది.

అప్పటి కార్టూన్లకి ప్రతి కదలికా ఒక పారదర్శకమైన షీటు. బొమ్మ గీతలు షీటు ముందు వైపు ఉంటాయి, రంగు వెనక వైపు నుంచి వెయ్యాలి. గీత చెరిగిపోకుండా ఉండడానికి అదో పద్ధతి. పొడుగాటి హాల్లో నలభై బల్లలు, బల్ల మధ్యలో గాజు, గాజు కింద దీపం. షీట్లు ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యరు. మా అత్తయ్యది మూడో బల్ల. చేరి తొమ్మిదో రోజు. ఎదురుగా గోడకి హమాలి రంగుల పటం, ఎడమ చేతికి పసుపు. ఆవిడ పటాన్ని చూస్తూ అదే వైపున్న చేతికి పసుపు వేసుకుంటూ పోయింది. షీటు తిరగేసి ఉందన్నది మర్చిపోయింది. తిరగేస్తే చేతులూ తిరగబడతాయి కదా. మూడు రోజులు, రెండు వందల పైచిలుకు షీట్లు, వేసినవి వేసినట్టు అరల్లో బోర్లా ఆరబెట్టింది. పొందిగ్గా, ఒక్క చుక్క గీత దాటకుండా, అన్నీ తప్పే.

"మర్నాడు పొద్దున్న కెమెరాకి పంపాలి. చెకింగ్ అక్క ఒక్కొక్క షీటూ దీపానికి పెట్టి చూస్తోంది. నేను నా బల్ల దగ్గర్నుంచి ఆవిడనే చూస్తున్నా. ఒక షీటు తిప్పింది. మళ్ళీ తిప్పింది. గోడ మీద పటం చూసింది."

చెకింగ్ అక్క దగ్గర తప్పుల పుస్తకం ఉండేది. చేరిన మొదటి నెలలో ఆ పుస్తకంలోకి పేరెక్కితే మరి ఇంటికే. ఆవిడ కలం మూత తీసింది. మా అత్తయ్యని పిలిచింది.

"ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగింది.

"అమ్మ, తమ్ముడు. వాడు ఆరో తరగతి."

ఆవిడ కలం మూత పెట్టేసింది. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. ఈ సీన్‌లో గ్లౌజు కుడి చేతికి ఉంది, తర్వాతి సీన్‌లో ఎడమ చేతికి ఉంది. మధ్యలో ఒక తలుపుంది. లేచి వెళ్ళి బొమ్మలు గీసే ఆయన్ని బతిమాలి, టీ తాగే టైములో ముప్పై ఆరు కొత్త బొమ్మలు గీయించుకొచ్చింది. తలుపు ముందు ఆగి, గ్లౌజు చెయ్యి మార్చి, మన వైపు చూసి, భుజాలు ఎగరేసే హమాలి. వాటికి రంగులు మా అత్తయ్య చేతే, పక్కన కూర్చుని వేయించింది. "ఇటు తిప్పి చూడు, ఇప్పుడు ఏ చెయ్యి?" అని ముప్పై ఆరు సార్లు అడిగిందట. దర్శకుడి దగ్గరికి ఆవిడే వెళ్ళి "ఇక్కడ ఒక చిన్న జోకు పెడితే బాగుంటుందేమో సార్" అంది. ఆయన చూసి పడీ పడీ నవ్వాడు.

"ఆ భాగం వచ్చిన మూడో వారానికి అక్క స్టూలు ఖాళీ. ఎందుకు మానేసిందో, మాన్పించారో ఎవర్నీ అడగలేదు. అడిగితే నీకెందుకంటారు. నా సంగతి బయటపడి ఆవిడ మెడకి చుట్టుకుందేమోనని భయం. ఆ రోజు ఆవిడ కలం మూత పెట్టకపోతే మీ నాన్న చదువు ఆరో తరగతితో ఆగేది. నువ్వూ ఈ పేపరూ ఏవీ లేవు. అంత మేలు చేసిన మనిషికి నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదే నేను. పంతొమ్మిదేళ్ళ పిల్లకి భయం సరే, తర్వాత ముప్పై తొమ్మిదేళ్ళు ఏమైంది నా నోటికి?"

ఆవిడ ఏడవడం నేనప్పటిదాకా చూడలేదు. ఏడుస్తూనే గట్టిగా చెప్పింది. ఆ అక్కకి చెప్పకుండా ఊరందరికీ చెప్పడానికి వీల్లేదు, పేపర్లో ఒక్క ముక్క రాకూడదు. అప్పటికి సరేనన్నాను.

సరేనన్నదాన్ని ఊరుకోవచ్చుగా! పేజీలో పెట్టె ఖాళీగా ఉంది, సాయంత్రం ఆరింటికి పేజీ వెళ్ళిపోవాలి. అబద్ధమని తెలిసి కూడా సాక్సు కథే వేసేశాను. పైగా 'మహానుభావుడి మెదడులో మెరిసిన మెరుపు' అని శీర్షిక. కింద, ఆ స్టూడియోలో పనిచేసినవాళ్ళెవరైనా ఉంటే ఫోన్ చెయ్యమని నెంబరు ఇచ్చాను. చెకింగ్ అక్క దొరుకుతుందేమోనని నా తెలివి. ఆ రెండూ ఒకే పేజీలో పెడితే చదివే ఆవిడకి ఎలా ఉంటుందో నాకు తట్టలేదు.

మంగళవారం ఫోను వచ్చింది. ఎవరో ఒకావిడ, స్కూలు టీచరట.

"మీ పేజీలో గ్లౌజు గురించి రాశారే, ఆ జోకు తనదని మా అమ్మ అంటుందండీ. చిన్నప్పట్నుంచీ వింటున్నాం. మేం నవ్వేసేవాళ్ళం. టీవీలో అది వచ్చినప్పుడల్లా మా పిల్లలు 'అమ్మమ్మా, నీదొచ్చింది' అని ఆటపట్టిస్తారు. మొన్న మీ పేజీ చూపించి, 'చూడమ్మా, ఇదిగో సాక్సులోంచి వచ్చిందట' అన్నాను. సరదాకే అన్నానండీ. అప్పట్నుంచీ అమ్మ మాట్లాడటం లేదు. నిన్న మాత్రం ఒక్క మాటంది. 'నిజంగా నేనే కల్పించుకున్నానేమోనే' అంది. డెబ్భై ఏళ్ళ మనిషి. మీరు పేపరువాళ్ళు, ఒక్కసారొచ్చి వింటే ఆవిడ మనసు కుదుటపడుతుందేమోనని..."

"మీ అమ్మగారు స్టూడియోలో ఏం పని చేసేవారండీ?" అని అడిగాను, జవాబు తెలిసే.

"చెకింగు" అంది.

విషయం చెప్పినప్పుడు అత్తయ్య నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అందులో ఒక్కటీ నాకు తగనిది లేదు. తిట్టడం అయ్యాక చీర మార్చుకుంది, మళ్ళీ ఇంకో చీర మార్చుకుంది. బస్సులో రెండు గంటలూ పెదాలు కదుపుతూనే ఉంది. ఏమిటని అడిగితే, ఏం చెప్పాలో తప్పుల్లేకుండా చూసుకుంటున్నానంది.

టైలరు షాపు మీద మూడో అంతస్తు. మెట్ల మీద దాకా కుట్టు మిషన్ల చప్పుడు. టీచరమ్మ తలుపు తీసింది. ముందు గదిలో ఆవిడ భర్తా, కాలేజీ చదువుల కొడుకూ కూతురూ ఉన్నారు. పేపరువాళ్ళు వస్తున్నారని అందరూ ఇంట్లోనే ఉండిపోయినట్టున్నారు. కిటికీ పక్క కుర్చీలో తెల్లజుట్టు ఆవిడ, సన్నగా, నిటారుగా కూర్చుని ఉంది. స్టూడియో తర్వాత ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు చెక్ చేసిందట. నేను కూర్చోగానే నా కుర్తా భుజం మీద కుట్టు ఎక్కడ వంకరపోయిందో చూపు అక్కడికే వెళ్ళింది. మా అత్తయ్యకి ఆ జబ్బు ఎక్కడ అంటుకుందో నాకప్పుడు తెలిసింది.

"ఏం వింటారు లెండి" అంది ఆవిడ నాతో. "మీరు రాసిందే నిజమేమో. నాకు వయసైపోయింది."

అత్తయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. బస్సులో రెండు గంటలు సరిచూసుకున్న మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు. "అక్కా" అంది, అంతే.

ముసలావిడ కళ్ళు చికిలించి చూసింది. "ఎవరమ్మా?"

"మూడో బల్ల."

ఆవిడ లేవబోయింది, మోకాలు సహకరించలేదు. మా అత్తయ్యే గబగబా వెళ్ళి ఆ రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత అత్తయ్య ఇంట్లోవాళ్ళ వైపు తిరిగింది.

"మీ అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ జోకు ఈవిడదే. నేనక్కడే ఉన్నాను."

అల్లుడుగారు మంచాయన. నవ్వుతూ అన్నాడు: "సంతోషం అండీ. పాత స్నేహితులు, ఆమాత్రం అండగా ఉంటారు లెండి." మనవడు చెల్లెల్ని మోచేత్తో పొడిచాడు. వాళ్ళ తప్పు కూడా కాదు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో నలుగుతున్న జోకు అది, ఎవరో ఒకావిడ వచ్చి నిజమంటే నిజమైపోతుందా?

టీచరమ్మ మాత్రం కాస్త తగ్గి మాట్లాడింది. "అది కాదండీ. అమ్మ చెప్పే కథలో ఒక చోట ఎప్పుడూ అతకదు. ఎవరో ఒక పిల్ల రంగు తప్పు వేసింది, దాన్ని కప్పిపుచ్చడానికి ఆ జోకు పెట్టానంటుంది. ఎవరమ్మా ఆ పిల్ల అంటే చెప్పదు. పేరు చెబితే వెళ్ళి కనుక్కుంటాం కదా అని నాన్న కూడా చాలాసార్లు అడిగారు, పోయేదాకా అడిగారు. చెప్పలేదు. గుర్తులేదంటుంది. అందరి పేర్లూ గుర్తుండి ఆ ఒక్క పేరూ ఎందుకు గుర్తుండదండీ? అందుకే కట్టుకథ అనుకున్నాం."

కింద మిషన్లు నడుస్తున్నాయి. మా అత్తయ్య ముసలావిడ వైపు చూసింది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"పేరు గుర్తులేదా అక్కా మీకు?"

"ఏం గుర్తులేదు" అంది ఆవిడ మొండిగా. "ఎప్పటి మాటో. నువ్వూరుకో."

నలభై ఏళ్ళు. కట్టుకున్నవాడు నమ్మలేదు, కన్నకూతురు నమ్మలేదు, మనవలు ఆటపట్టించారు. చివరికి తనని తనే నమ్మడం మానేసింది గానీ, అప్పటికి రెండు వారాల పరిచయం కూడా లేని ఒక పిల్ల పేరు మాత్రం బయటపెట్టలేదు. ఇప్పుడు, ఆ పిల్ల ఎదురుగా వచ్చి నిలబడ్డా, ఆ పిల్లకి కూడా అరవై దగ్గరపడ్డా, ఇంకా కాపాడుతూనే ఉంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

మా అత్తయ్యకి ఆ గదిలో తనని అత్తయ్యా అని పిలిచే మేనకోడలు ఉంది. 'నా చేతిలో తప్పు జరగదు' అన్న మాట పద్నాలుగు వందల సార్లు విన్న మేనకోడలు. నా వైపు ఒకసారి చూసింది. తర్వాత నేల మీద, ఆ కుర్చీ పక్కనే చతికిలబడి, పిల్లలిద్దరికీ చెప్పింది.

"ఆ తప్పు నాది. రెండు వందల పద్దెనిమిది షీట్లు, అన్నీ తిరగేసి వేశాను. మీ అమ్మమ్మ నా పేరు పుస్తకంలో రాస్తే ఆ సాయంత్రమే నన్ను పంపేసేవాళ్ళు. రాయలేదు. ఆ తర్వాత నేను తిన్న ప్రతి ముద్దా ఈవిడ చలవే. మా తమ్ముడి చదువు ఈవిడ చలవ. అదిగో, ఆ పేపరమ్మాయి ఈవిడ చలవ. ఇన్నాళ్ళు వచ్చి చెప్పకపోవడం ఇంకో తప్పు, అది మొదటిదానికంటే పెద్దది. నన్ను క్షమించండి అక్కా. నా వల్లే మీ ఉద్యోగం కూడా పోయింది."

"ఎవరన్నారు నీకు?" ముసలావిడ గయ్యిమంది. "నా అంతట నేను మానేశా! జోకు అంత ఆడింది కదా, టైటిల్స్‌లో నా పేరు వెయ్యండి సార్ అన్నాను. చెకింగువాళ్ళ పేర్లు కూడా వేస్తే సీరియల్ ఎక్కడ వెయ్యమంటావమ్మా అని నవ్వాడు ఆ డైరెక్టరు. వెళ్ళొస్తానని చెప్పి వచ్చేశా. దానికీ నీకూ ఏమిటే సంబంధం? నలభై ఏళ్ళు ఇది మోస్తూ కూర్చున్నావా, పిచ్చి మొహమా!"

మా అత్తయ్యని పిచ్చి మొహమా అన్న మనిషిని నా జన్మలో మొదటిసారి చూశాను. అత్తయ్య ఏడుస్తూనే నవ్వింది. ఆవిడా నవ్వింది. నవ్వి, మా అత్తయ్య నెత్తి మీద చెయ్యి వేసి, "మీ తమ్ముడు ఎంత వరకు చదివాడు?" అని అడిగింది.

టీచరమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉంది. టీపాయ్ జరిపి, తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. పిల్లలు కూడా ఫోన్లు పక్కన పడేసి ఆవిడ వెనక చేరారు. అల్లుడుగారు ఫ్యాను తగ్గించాడు.

"మొదటినుంచీ చెప్పమ్మా" అంది టీచరమ్మ. "ఈసారి నవ్వం."

ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. పొడుగాటి హాలు, నలభై బల్లలు, గాజు కింద దీపాలు. మర్నాడు పొద్దున్న కెమెరాకి వెళ్ళాల్సిన షీట్లు. "ఒక్కొక్కటీ దీపానికి పెట్టి చూస్తున్నా. చూస్తే ఏముంది, ఎవరో ఒక పిల్ల..." అని అలవాటుగా అనేసి ఆగిపోయింది. మా అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య తల ఊపింది.

అప్పుడు ఆవిడ మా అత్తయ్య పేరు, ఇంటిపేరుతో సహా, తడుముకోకుండా చెప్పింది.